పొర కింద పొంచిన తుప్పు
తాగునీటి పైపులు, మిల్లు బాయిలర్లు, ఇంటి కూలర్లు... ఉక్కును గుట్టుగా తొలిచేస్తున్న మడ్డి

సిద్దిపేట: ఇనుప వస్తువు ఒళ్లంతా ఎర్రబారితే ఎవరి కంటికైనా కనిపిస్తుంది. గీకి రంగు వేస్తారు, లేదంటే పాతసామాన్ల వాడికి వేస్తారు. కంటికి చిక్కని తుప్పు మరొకటి ఉంది. ఉక్కుపై పేరుకున్న బురద, సున్నపు పొర, పాచి, పాత తుప్పు పెళ్లల అడుగున అది మొదలవుతుంది. చుట్టూ ఉన్న లోహం కొత్తదానిలా ఉండగానే ఒక్కచోట మాత్రం సూటిగా లోపలికి తొలుచుకుపోతుంది. ఇంజినీర్లు దీన్ని 'అండర్ డిపాజిట్ కరోజన్' అంటారు. తెలుగులో పొర కింది తుప్పు అనుకోవచ్చు. ఊళ్లలో 'జంగు' అనే ఒక్క మాటే అన్నింటికీ చెల్లుతుంది గానీ ఈ జంగు తీరు వేరు.

దీనికి చక్కని ఉదాహరణ తెలంగాణలో దాదాపు ప్రతి వీధిలోనూ దొరుకుతుంది. ఇనుప రేకు ఎయిర్ కూలర్ ఎక్కడ చిల్లు పడుతుందో గమనించినవారికి సంగతి తెలుసు. పక్క రేకులు బాగానే ఉంటాయి. నీరు ఎప్పుడూ నిలిచే తొట్టి అడుగున, మూలల్లో, రాలిన గడ్డి, దుమ్ము, బోరునీటి ఉప్పు కలిసి మెత్తటి మడ్డిగా పేరుకున్నచోటే రేకు పోతుంది. వేసవి అయిపోగానే నీళ్లు పారబోసి, మడ్డి కడగకుండా కూలర్‌ను మూలకు నెడతారు. ఆ తడి మట్టి కింద జస్తా పూత మొదట కరుగుతుంది, తర్వాత రేకు వంతు వస్తుంది. మరుసటి ఏడాది తొట్టి నింపగానే గది నిండా నీళ్లు. పెంట, యూరియా మోసే ట్రాక్టర్ ట్రాలీల్లోనూ ఇదే కథ. ట్రాలీ పక్కల కంటే అడుగు రేకు, అందులోనూ ఎరువు ఇరుక్కునే అతుకులు ముందుగా పాడవుతాయి.

కూలర్ పోతే పోయేది కొన్ని వేల రూపాయలు. అదే తుప్పు ఊరి తాగునీటి మెయిన్‌లోనో, మిల్లు బాయిలర్‌లోనో పడితే లెక్క మారిపోతుంది.

గాలి అందని చోటే గండి

తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ కావాలని బడిలో చెబుతారు. అలాంటప్పుడు గాలి ఆడని మడ్డి కింద ఉక్కు భద్రంగా ఉండాలి కదా అన్న సందేహం సహజం. ఈ చిక్కుముడిని 1920ల్లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త యు.ఆర్.ఇవాన్స్ ఒక్క నీటి చుక్కతో విప్పి చూపించారు. మెరుగు పెట్టిన ఇనుప పలకపై ఉప్పునీటి చుక్క వేస్తే, అంచుల్లో నీటి పొర పలుచన కాబట్టి ఆక్సిజన్ బాగా అందుతుంది. మధ్యలో తక్కువ. తుప్పు అంచుల్లో మొదలవుతుందని అనుకుంటాం. జరిగేది తలకిందులు. మధ్యభాగంలో ఇనుము కరుగుతుంది, అంచు భద్రంగా ఉంటుంది, రెంటికీ నడుమ గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. చుక్కలో ఫినాఫ్తలీన్, పొటాషియం ఫెర్రీసైనైడ్ కలిపితే అంచు గులాబీ రంగుకు, నడుమ నీలి రంగుకు తిరుగుతాయి. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో అరగంటలో చేసి చూపించగల ప్రయోగమిది.

దీని అర్థం ఏమిటంటే ఒకే ఉక్కు పలక రెండు ధ్రువాలున్న బ్యాటరీగా మారుతోంది. ఆక్సిజన్ అందే భాగం కాథోడు, అందని భాగం ఆనోడు. కరిగేది ఆనోడే. మడ్డి కప్పిన చోటు ఆనోడు అవుతుంది. చుట్టూ నీరు పారుతున్న శుభ్రమైన ఉక్కు మొత్తం కాథోడై దాన్ని పీల్చి పిప్పి చేస్తుంది. కాథోడు ఎంత విశాలంగా ఉండి ఆనోడు ఎంత చిన్నదైతే అంత వేగంగా గుంట లోతవుతుంది. రూపాయి బిళ్లంత బురద మరక చుట్టూ చదరపు మీటర్ల కొద్దీ శుభ్రమైన లోహం ఉండటమే అసలు ప్రమాదం.

మొదలయ్యాక అది తనంతట తానే బలపడుతుంది. కరిగిన ఇనుము అయాన్లు నీటితో చర్య జరిపి ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఆ ధన విద్యుదావేశాన్ని సరిచేయడానికి బయటి నీటిలోని క్లోరైడు అయాన్లు పొరలోంచి లోనికి చేరుతాయి. బయట నీరు తటస్థంగా ఉన్నా గుంట లోపల పీహెచ్ 4 కంటే దిగువకు పడిపోగలదు. పైనున్న పొర మూతలా అడ్డుపడటంతో ఆ ఆమ్లం కొట్టుకుపోదు. కొత్తగా పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తూ బుడిపెలా పైకి లేస్తుంది. మూత ఇంకా మందమవుతుంది.

పొర కింద సూక్ష్మజీవులకూ అనువైన నివాసం దొరుకుతుంది. గాలి లేనిచోట బతికే సల్ఫేట్ క్షయకారక బ్యాక్టీరియా నీటిలోని సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది. అది ఇనుముతో కలిసి నల్లటి మడ్డి అవుతుంది. భూమిలో పాతిన ఇనుప గొట్టాలు గాలి చొరని బంకమట్టిలో ఎందుకు పాడవుతున్నాయో వివరిస్తూ 1934లో నెదర్లాండ్స్ పరిశోధకులు వాన్ వోల్జోగన్ కూర్, వాన్ డర్ వ్లుగ్ట్ ఈ బ్యాక్టీరియా పాత్రను ముందుకు తెచ్చారు. అదే నీటిలో పొరపైన ఇనుమును తుప్పుగా మార్చే గాలియొనెల్లా జాతి పెరుగుతుంది. పైన ఎర్రగా, లోపల నల్లగా ఉండే బుడిపెలు చాలావరకు ఈ ఇద్దరి ఉమ్మడి కాపురమే.

6 మిల్లీమీటర్ల లెక్క

మంచినీటిలో మామూలు ఉక్కు అంతటా సమానంగా అరిగితే ఏడాదికి 0.1 మి.మీ. స్థాయిలో పోతుందని ఒక ఉజ్జాయింపు. 6 మి.మీ. మందం గోడ ఆ లెక్కన 60 ఏళ్లు నిలవాలి. పొర కింది గుంట ఏడాదికి 1 మి.మీ. చొప్పున లోతయితే ఆరేళ్లకే చిల్లు. పోయిన లోహం మొత్తం తూకం వేస్తే పిడికెడు కూడా ఉండదు. సగటు మందం చూసి 'ఇంకా నలభై ఏళ్లు ఢోకా లేదు' అని రాసే నివేదికలను ఈ కారణంగానే నమ్మలేం. పైపు పైభాగంలో నాలుగుచోట్ల మందం కొలిచి ముగించే తనిఖీ దస్త్రానికి తప్ప దేనికీ పనికిరాదు. మట్టి చేరేది అడుగున. కొలవాల్సిందీ అక్కడే.

ఈ నిర్లక్ష్యానికి ప్రపంచమంతా గుర్తుంచుకున్న ఉదాహరణ అమెరికాలోని అలాస్కాలో ఉంది. ప్రూడో బే చమురు క్షేత్రంలో బీపీ సంస్థ నడిపిన 34 అంగుళాల ఉక్కు పైపులైనుకు 2006 మార్చిలో చిల్లు పడి 2 లక్షల గ్యాలన్లకు పైగా ముడిచమురు మంచు నేలపై పారింది. చిల్లు కొలత అర అంగుళానికి మించలేదు. చమురు నెమ్మదిగా ప్రవహించే ఆ లైన్లో మడ్డి అడుగున చేరింది, దాని కింద సూక్ష్మజీవుల తుప్పు తొలిచింది. తుప్పు నిరోధక రసాయనం మడ్డిని దాటి ఉక్కును చేరలేకపోయింది. పైపు లోపలిని గీకి శుభ్రపరిచే 'పిగ్' అనే పరికరాన్ని ఆ లైన్లో 1998 తర్వాత నడపనేలేదు. ఆ ఏడాది ఆగస్టులో మరో లైన్లోనూ తుప్పు బయటపడి ఉత్పత్తిని తగ్గించాల్సి వచ్చింది. 2007లో సంస్థ నీటి కాలుష్య చట్టం కింద నేరం అంగీకరించి 2 కోట్ల డాలర్లు చెల్లించింది. పిగ్ నడపడానికి అయ్యే ఖర్చు ఇందులో ఎన్నో వంతో లెక్కకట్టడం కష్టం కాదు.

పైపుల జిల్లా

సిద్దిపేటకు చమురు లేదు గానీ పైపులు తక్కువేమీ కాదు. 1990ల చివరలో దిగువ మానేరు జలాశయం నుంచి సిద్దిపేట పల్లెలకు తాగునీరు తెచ్చిన పథకమే ఆ తర్వాత రాష్ట్రవ్యాప్త మిషన్ భగీరథకు నమూనా అయింది. ఆ పథకాన్ని 2016 ఆగస్టు 7న ప్రధాని నరేంద్ర మోదీ గజ్వేల్ సమీపంలోని కోమటిబండలో ప్రారంభించారు. ఎల్లంపల్లి నుంచి హైదరాబాద్‌కు గోదావరి జలాలు మోసే 3 మీటర్ల వ్యాసపు ఉక్కు లైను కూడా ఈ జిల్లా మీదుగానే సాగుతుంది. దాని పంపింగ్ కేంద్రాల్లో ఒకటి కొండపాకలో ఉంది. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైన మల్లన్నసాగర్ నుంచి రాజధానికి మరిన్ని జలాలు తరలించే రెండు, మూడు దశలకు 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. అంటే రాబోయే కాలంలో జిల్లా భూగర్భంలో ఉక్కు ఇంకా పెరుగుతుంది.

ఇలాంటి పెద్ద లైన్లకు లోపల సిమెంటు మోర్టారు పూత పూస్తారు. సిమెంటు క్షారగుణం వల్ల ఉక్కు ఉపరితలాన పీహెచ్ 12 దాకా ఉండి తుప్పు పట్టనివ్వదు. ఇది మంచి రక్షణే. అయితే పైపు ముక్కలను క్షేత్రంలో వెల్డింగ్ చేసినప్పుడు అతుకు దగ్గర పూతను లోపలి నుంచి చేత్తో సరిచేయాలి. ఆ పని తొందరలో సాగితే అరచేయంత చోటు పూత లేకుండా మిగులుతుంది. వాల్వులు, గాలి గొట్టాలు, అడుగు తూముల వద్ద చేసిన చిన్న గొట్టపు అతుకులకూ ఇదే బలహీనత. తుప్పు ముందుగా ఈ చోట్లనే వెతుక్కుంటుంది.

ప్రవాహ వేగం రెండో విషయం. బురద అడుగున నిలవకుండా ఉండాలంటే నీరు కనీసం సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పారాలన్నది నీటి సరఫరా ఇంజినీర్ల పాత సూత్రం. ముప్పై ఏళ్ల తర్వాతి జనాభాను లెక్కగట్టి వేసిన పెద్ద పైపులో తొలి ఏళ్లలో నీరు నింపాదిగా నడుస్తుంది. పంపులు రోజుకు కొన్ని గంటలే నడిచినా, సాగునీటి ఎత్తిపోతల మాదిరిగా నెలల తరబడి ఆగినా మట్టి దిగబడేందుకు కావలసినంత తీరిక. వానాకాలంలో శుద్ధి కేంద్రానికి ముందున్న ముడినీటి లైన్లకు ఈ బెడద ఎక్కువ. శుద్ధి తర్వాతి లైన్లలో బురద తక్కువే గానీ, కొసన ఉన్న ఊళ్లకు చేరేసరికి క్లోరిన్ తగ్గిపోతే పైపు గోడకు జీవపు పాచి పడుతుంది. కొస నల్లా వద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్న నిబంధన రోగాల నివారణకు పెట్టిందే అయినా పైపుకూ మేలు చేస్తుంది.

గ్రామంలోకి వచ్చే చిన్న లైన్లు ఎక్కువగా ప్లాస్టిక్ గొట్టాలు కాబట్టి వాటికి ఈ రోగం లేదు. పాత ఇళ్లలోని జీఐ పైపులకు, ఇనుప ట్యాంకులకు, బోరుబావి గొట్టాలకు ఉంది. పొద్దున్నే నల్లా విప్పగానే మొదటి బిందె ఎర్రగా వచ్చి తర్వాత తేటపడితే, ఇంటి లైన్లోనే బుడిపెలు ఉన్నాయన్నది ఒక ఆనవాలు. బుడిపెలు దారిని కూడా ఇరుకు చేస్తాయి. పైపు లోపలి వ్యాసం పదో వంతు తగ్గితే అదే ఒత్తిడికి వచ్చే నీరు దాదాపు పావు వంతు తగ్గుతుంది. మోటారు బాగులేదని మెకానిక్‌ను పిలిచే చాలా ఇళ్లలో తప్పు మోటారుది కాదు.

మిల్లుల్లో మరింత జాగ్రత్త

యాసంగి వడ్లు ఎండకు ఎక్కువగా నూకవుతాయి. వాటిని ఉప్పుడు బియ్యంగా మార్చడం అందుకే తెలంగాణలో స్థిరపడింది. 2021-22లో ఆ బియ్యం సేకరణపై కేంద్ర, రాష్ట్రాల మధ్య సాగిన వివాదం రైతులందరికీ గుర్తే. ఉప్పుడు మిల్లుకు ఆవిరి కావాలి, ఆవిరికి ఊకతో మండే బాయిలరు కావాలి. బాయిలరుకు పోసే నీరు చాలాచోట్ల బోరుదే.

ఇక్కడొక అపోహ ఉంది. తాగడానికి పనికొచ్చే నీరు బాయిలరుకు పనికిరాదా అని కొందరు యజమానులు అడుగుతుంటారు. పనికిరాదు. తాగునీటి జాతీయ ప్రమాణంలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే ఆధారం లేకుంటే 600 దాకా అనుమతిస్తారు. బాయిలరు నీటిలో అది దాదాపు శూన్యం కావాలి. ఆవిరి వెళ్లిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. రోజుకు వేల లీటర్లు మరిగే పాత్రలో కొద్దిపాటి సున్నమైనా నెలలు తిరిగేసరికి పొర కడుతుంది.

సున్నపు పొర వేడిని ఉక్కు కంటే పదుల రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. 10 కిలోల ఒత్తిడి వద్ద నీరు సుమారు 184 డిగ్రీల సెల్సియస్‌లో మరుగుతుంది. గొట్టం శుభ్రంగా ఉంటే దాని లోహం అంతకు కొద్దిగానే ఎక్కువ వేడెక్కుతుంది. పొర కడితే మంట వేడి నీటికి చేరక లోహంలోనే నిలుస్తుంది. 450 డిగ్రీలు దాటితే మామూలు ఉక్కు మెత్తబడి నెమ్మదిగా సాగడం మొదలవుతుంది. ఇది ఒక నష్టం. రెండోది పొర లోపల జరుగుతుంది. పొరలోని సన్నటి రంధ్రాల్లోకి నీరు చొచ్చి అక్కడే ఆవిరైపోతుంది. నీటిలో కలిపిన సోడా మాత్రం అక్కడే మిగిలి చిక్కబడుతుంది. బాయిలరు నీటిని పరీక్షిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. పొర కింద మాత్రం గాఢ క్షారం తయారై, ఉక్కును కాపాడే నల్లటి మాగ్నటైట్ పొరను కరిగించి గోకినట్టుగా గుంటలు చేస్తుంది. ఒత్తిడి, వేడి ఎక్కువయ్యేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను తొలగించకపోతే అది మూడో దాడి.

మిల్లుల్లో ఎక్కువగా కనిపించే పొగగొట్టాల బాయిలరులో మంట గొట్టాల లోపల, నీరు వెలుపల ఉంటాయి. మడ్డి పీపా కడుపున దిగుతుంది. బ్లోడౌన్ వాల్వును రోజూ నిర్ణీత సమయానికి తెరవడం ఈ మడ్డిని తోసేయడానికే. వేడి నీరు, ఊక వృథా అవుతాయని దాన్ని మానేసే మిల్లులు పిసినారితనానికి పెద్ద మూల్యం చెల్లిస్తాయి.

సీజను అయిపోయాక ఆగిపోయే నెలలు ఇంకా ప్రమాదకరం. ఊక బూడిదలో అధికభాగం ఇసుక తత్వమైన సిలికా. పొడిగా ఉన్నంతవరకు దానితో పెద్ద చిక్కు లేదు. వానాకాలపు తేమ పీల్చుకున్న బూడిద గొట్టాలకు అతుక్కుని ఉంటే కూలర్ తొట్టిలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. పని ఆగిన వెంటనే బూడిద ఊడ్చి, నీరు తోడి, మడ్డి కడిగి, లోపల ఆరబెట్టి సిలికా జెల్ లేదా కాల్చిన సున్నం పళ్లేలు పెట్టి మూసేయాలి. కొద్ది రోజుల విరామమే అయితే ఆక్సిజన్‌ను పీల్చే సోడియం సల్ఫైట్ కలిపిన నీటితో అంచుదాకా నింపి ఉంచడం మేలు. సగం నీళ్లతో వదిలేయడం అన్నిటికంటే చెడ్డది.

పొర వదిలించేందుకు ఆమ్లం పోసి కడగడం మరో పద్ధతి. నిరోధకం కలపని హైడ్రోక్లోరిక్ ఆమ్లం సున్నంతో పాటు ఉక్కునూ కరిగిస్తుంది, మండే హైడ్రోజన్ వాయువును వదులుతుంది. అర్హత ఉన్నవారు నిరోధకంతో చేసి, తర్వాత క్షారంతో తటస్థం చేసి, నీటితో కడగాలి. సుత్తి, ఉలితో పొర గొడితే అప్పటికే పలుచబడిన చోట గొట్టం పగలవచ్చు.

చట్టం ఏమంటోంది

1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో పార్లమెంటు ఆమోదించిన 2025 చట్టం అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రేషను, నిర్ణీత కాలపు తనిఖీ, ధ్రువపత్రం లేకుండా బాయిలరు నడపకూడదన్న మూలసూత్రం మారలేదు. తనిఖీ రోజున బాయిలరును చల్లార్చి, ఖాళీ చేసి, మూతలు విప్పి, లోపల శుభ్రపరిచి చూపించాల్సిన బాధ్యత యజమానిదే. ప్రమాదం జరిగితే 24 గంటల్లో తెలియజేయాలి. నడిపే వ్యక్తికి తగిన అర్హత పత్రం ఉండాలి.

అయితే తనిఖీకి ముందు శుభ్రం చేసే తొందరలో ఒక ముఖ్యమైన ఆధారం మోరీలో కలిసిపోతోంది. పొర ఏ రంగులో, ఏ చోట, ఎంత మందాన ఉందో అదే రోగ నిర్ధారణ. తెల్లటి గట్టి పొర సున్నానిది. నీరు మెత్తబరిచే సాఫ్ట్‌నర్ పనిచేయడం లేదని చెబుతుంది. బుడిపెలుగా ఎర్రటి పెళ్లలు ఆక్సిజన్ తొలగలేదనడానికి గుర్తు. పైపుల్లోని నల్లటి జిగట మడ్డి సల్ఫైడు కావచ్చు. చిటికెడు మడ్డిని ఆరుబయట పళ్లెంలో వేసి రెండు చుక్కల సజల ఆమ్లం వేస్తే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఆ వాయువు విషం కాబట్టి గదిలో గానీ, పైపు లోపల గానీ, బాయిలరులో దిగి గానీ ఈ పరీక్ష చేయరాదు. కడగడానికి ముందు ఫొటో తీసి, పొర ముక్కను తారీఖు, చోటు రాసిన సీసాలో భద్రపరిచి, పొర తీసిన తర్వాత సరిగ్గా ఆ చోటనే అల్ట్రాసోనిక్ మీటరుతో మందం కొలిచి పుస్తకంలో రాయాలి. మరుసటి ఏడాది అదే చోట మళ్లీ కొలిస్తే గుంట ఎంత వేగంగా దిగుతోందో రెండు అంకెల తేడాలో తెలిసిపోతుంది.